రైలు, రోడ్డు, ఓడ, విమానం: ఒక మార్గానికి రవాణా చరిత్ర రాయడం ఎలా

రవాణా చరిత్ర రాయాలని కూర్చున్నవారిలో ఎక్కువమంది యంత్రాలు పుట్టిన సంవత్సరాలతో మొదలుపెడతారు. 1804లో రిచర్డ్ ట్రెవితిక్ ఆవిరి ఇంజను వేల్స్‌లో పట్టాల మీద నడిచింది, 1886లో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరాడు, 1903లో రైట్ సోదరులు గాలిలోకి లేచారు, 1956లో కంటెయినర్లతో మొదటి పెద్ద ప్రయోగం జరిగింది. ఈ సంవత్సరాలలో తప్పేమీ లేదు. అయితే వాటిని ఎంత పొందికగా పేర్చినా, ఒక మనిషి గానీ ఒక బస్తా గానీ ఒకచోటి నుంచి మరోచోటికి చేరడానికి పట్టే కాలం, ఖర్చు, శ్రమ ఎప్పుడు తగ్గాయో, ఎందుకు తగ్గాయో బయటపడదు. ట్రెవితిక్ ఇంజను బరువుకు ఆనాటి పోత ఇనుప పట్టాలు విరిగాయి; ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కూడా సరుకులో అధికభాగం గుర్రపు బండ్ల మీదా, కాలువల్లో పడవల మీదా, తీరం వెంట తెరచాప ఓడల మీదా సాగింది.

అందువల్ల వాహనాన్ని కాక మార్గాన్ని పట్టుకోవాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ప్రధాన విషయం. ఒక మార్గాన్ని ఎంచుకుని, సరుకో ప్రయాణికుడో బయలుదేరిన గుమ్మం నుంచి చేరిన గుమ్మం దాకా వెంట నడిచి, ఒక వాహనం దిగి మరొకటి ఎక్కిన ప్రతిచోటా ఆగి చూస్తే చరిత్ర ఆ ఆగిన చోట్లలోనే ఎక్కువగా దొరుకుతుంది. కళాశాల ప్రాజెక్టుకు గానీ, పత్రికా వ్యాసానికి గానీ, సొంత ఆసక్తితో గానీ ఈ పని మొదలుపెట్టేవారికి ఉపయోగపడేలా పద్ధతిని కింద వివరిస్తున్నాను.

మార్గం, సరుకు, కాలం

ముందుగా మూడు విషయాలు తేల్చుకోవాలి: రెండు కొసలు, వాటి మధ్య నడిచిన ఒక సరుకు, కనీసం ఒక పెద్ద మార్పును ఇముడ్చుకోగల కాలవ్యవధి. కొసలు తేల్చుకోవడం తేలికే. సరుకును తేల్చుకోవడంలోనే చాలామంది అశ్రద్ధ చేస్తారు. ఒకే దారిలో, ఒకే సంవత్సరంలో ఉత్తరానికి ఒక చరిత్ర, మనిషికి ఒక చరిత్ర, బొగ్గుకు మరో చరిత్ర ఉంటాయి. అమెరికాలో 1924 జులై నుంచి న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య తపాలా విమానాలు నేల మీద వెలిగే దీపస్తంభాల ఆసరాతో రాత్రిళ్లు కూడా ఎగిరి, ఉత్తరాలను సుమారు 30 గంటలకు కాస్త అటూ ఇటూగా చేర్చేవి. అదే కాలంలో ఆ దూరం వెళ్లవలసిన మనిషి రోజుల తరబడి రైల్లో కూర్చునేవాడు. సరుకు పేరు చెప్పకుండా "1924లో ఆ ప్రయాణానికి ఎంత సేపు పట్టేది" అని అడిగితే సరైన జవాబు రాదు.

కాలవ్యవధిని మరీ పెద్దదిగా పెట్టుకోకూడదు. చక్రం పుట్టుక నుంచి జెట్ విమానం దాకా అన్నీ చెప్పాలనుకున్న వ్యాసం దేనినీ దగ్గరగా చూపలేదు. ముప్పై నుంచి నూరేళ్ల మధ్య ఏదైనా చాలు.

ఇక్కడ ఉదాహరణగా న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు మనుషుల ప్రయాణాన్ని 1849 నుంచి 1959 వరకు తీసుకుంటాను. ఓడ, రైలు, రోడ్డు, విమానం నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోసారి ఒకదానితో ఒకటి చేయి కలిపి, ఈ ఒక్క దారి మీద కనిపిస్తాయి కనుక పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటె అనువైన మార్గం అరుదు.

ప్రయాణాన్ని అంచెలుగా విడగొట్టడం

ఒక నోటుపుస్తకంలో గానీ కంప్యూటర్ పట్టికలో గానీ ప్రతి ప్రయాణానికీ ఒక పేజీ కేటాయించి, దాన్ని అంచెలుగా విడగొట్టండి. ప్రతి అంచెకూ వాహనం, దూరం, పట్టిన కాలం, ఛార్జీ, ఆ అంచె చివర వేచి ఉన్న సమయం రాయండి. చివరగా ఆ వివరం ఎక్కడ దొరికిందో, ఎంతవరకు నమ్మదగినదో గుర్తు పెట్టండి. వేచి ఉన్న సమయం అనే గడిని చాలామంది అసలు పెట్టరు. నా దృష్టిలో అది అన్నిటికంటె ముఖ్యమైన గడి.

1849లో కాలిఫోర్నియా బంగారం కోసం బయలుదేరినవారికి మూడు దారులుండేవి. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టూ తెరచాప ఓడలో వెళితే సాధారణంగా ఐదు నెలలు, అంతకంటె ఎక్కువే పట్టేది. మిస్సోరి నది దగ్గర్నుంచి ఎద్దుల బండ్ల మీద మైదానాలు, కొండలు దాటితే నాలుగు నుంచి ఆరు నెలలు. మూడోది పనామా దారి: అట్లాంటిక్ వైపు ఓడ దిగి, ఛాగ్రెస్ నది మీద పడవలోనూ, ఆ తర్వాత కంచరగాడిద మీదా భూసంధిని, అంటే రెండు సముద్రాల మధ్య ఉన్న సన్నని నేలను, దాటి, పసిఫిక్ తీరంలో మరో ఓడ కోసం ఎదురుచూడాలి. రెండు సముద్ర మార్గాల్లో ఇదే దగ్గరి దారి. అయితే అవతలి తీరానికి ఓడ ఎప్పుడొస్తుందో తెలియక ప్రయాణికులు పనామా నగరంలో వారాల తరబడి పడి ఉన్న సందర్భాలున్నాయి. అంచెల పట్టికలో ఈ నిరీక్షణను విడిగా రాస్తేనే, 1855 జనవరిలో పూర్తయిన పనామా రైల్వే, కేవలం 76 కిలోమీటర్ల చిన్న లైను, అంత పెద్ద మార్పు ఎందుకు తెచ్చిందో అర్థమవుతుంది. రోజులు పట్టే భూసంధి ప్రయాణం కొన్ని గంటలకు దిగింది. దానితో రెండు వైపులా ఓడల రాకపోకలను ఒకదానితో ఒకటి జతచేసి నడపడం సాధ్యమైంది.

అదే సమయంలో కేప్ హార్న్ దారి కూడా వేగం పుంజుకుంది. 1851లో ఫ్లయింగ్ క్లౌడ్ అనే క్లిప్పర్, అంటే వేగం కోసం కట్టిన తెరచాప ఓడ, న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 90 రోజుల లోపే చేరింది. ఇది అసాధారణమైన రికార్డు. దీన్ని సగటు కాలంగా పట్టికలో రాయకూడదు. రికార్డుకు ఒక గడి, మామూలు ప్రయాణానికి ఒక గడి వేరుగా ఉండాలి.

1869 మే 10న యూటాలోని ప్రామంటరీ సమ్మిట్ దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. ఆనాటి నుంచి తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి సుమారు వారం రోజుల ప్రయాణం. పుస్తకాలన్నీ ఇక్కడ "సముద్రం నుంచి సముద్రం దాకా రైలు" అని రాస్తాయి. అంచెల పట్టిక ఆ మాటను సరిచేస్తుంది. మిస్సోరి నది మీద కౌన్సిల్ బ్లఫ్స్, ఒమాహాల మధ్య వంతెన 1872 వరకు లేదు. ప్రయాణికులు, వారి పెట్టెలు, తపాలా సంచులు రైలు దిగి, పడవలో నది దాటి, అవతలి గట్టున మరో రైలు ఎక్కవలసి వచ్చేది. పడమటి కొసన ఓక్‌లాండ్‌లో రైలు దిగి, శాన్‌ఫ్రాన్సిస్కోకు మళ్లీ పడవే ఎక్కాలి. ఖండాన్ని దాటించిన రైలు ప్రయాణం రెండుచోట్ల పడవ మీద ఆధారపడింది.

రోడ్డుకు వస్తే, 1919లో అమెరికా సైన్యం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ట్రక్కుల వరుసను నడిపింది. జులై 7న బయలుదేరి సెప్టెంబరు 6న చేరింది. దాదాపు 5,200 కిలోమీటర్లకు 62 రోజులు, అంటే విశ్రాంతి రోజులు కలుపుకుని రోజుకు 84 కిలోమీటర్లు. కొరత బండ్లలో కాదు, వాటి కింద ఉండవలసిన దారిలో ఉంది: బురద, ఇసుక, ట్రక్కు బరువుకు విరిగిన కర్ర వంతెనలు. ఆ వరుసలో ప్రయాణించిన యువ అధికారి డ్వైట్ ఐసెన్‌హోవర్, 1956 జూన్‌లో అధ్యక్షుడిగా అంతర్‌రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం చేశాడు. ఆ ఒక్క ప్రయాణమే చట్టానికి కారణమని రాసేవారున్నారు. అంత సూటిగా ముడిపెట్టడం సరికాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన చూసిన జర్మనీ రహదారులు, కార్ల సంఖ్య పెరుగుదల, రాష్ట్రాల ఒత్తిడి కూడా అందులో ఉన్నాయి.

ఇక 1929 జులై 7న మొదలైన ఒక సేవను ప్రత్యేకంగా పరిశీలించమని కోరుతాను. ట్రాన్స్‌కాంటినెంటల్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అనే సంస్థ న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలస్‌కు 48 గంటల్లో చేరుస్తానని టికెట్లు అమ్మింది. ప్రయాణికుడు సాయంత్రం న్యూయార్క్‌లో రైలెక్కి, రాత్రంతా నిద్రపోయి, పొద్దున ఒహాయోలోని కొలంబస్‌లో దిగేవాడు. అక్కడ మూడు ఇంజన్ల ఫోర్డ్ విమానం ఎక్కి, దారిలో నాలుగుచోట్ల ఆగుతూ చీకటిపడే వేళకు ఓక్లహోమాలోని వైనోకా చేరేవాడు. మళ్లీ రైలు, మళ్లీ నిద్ర. తెల్లవారి న్యూమెక్సికోలోని క్లోవిస్‌లో మరో విమానం. పగలు గాలిలో, రాత్రి పట్టాల మీద. రాత్రివేళ తపాలా సంచులను ఎగురవేసినంత ధైర్యంగా మనుషులను ఎగురవేయడానికి సంస్థలు సిద్ధపడలేదు. రైలును ఓడించి విమానం వచ్చిందని రాసే చరిత్రల్లో ఈ సేవకు చోటు దొరకదు. నిజానికి విమానం చాలాకాలం రైలు భుజం మీద చేయి వేసుకునే నడిచింది. 1959 జనవరి 25న ఇదే మార్గంలో బోయింగ్ 707 జెట్ సేవ మొదలయ్యాకనే ఐదారు గంటల ప్రయాణం మామూలు విషయమైంది.

వాహనం మారే చోటు దగ్గర ఆగండి

అంచెల పట్టిక పూర్తయ్యాక, వాహనం మారిన చోట్లను ఎర్ర సిరాతో గుర్తించండి. ఆ చోట్ల పాత మ్యాపులు, ఫొటోలు వెతకండి. గోదాము, కాటా, సుంకం కచేరీ, గుర్రాల సాల, బొగ్గు కుప్ప, హమాలీల బస ఎక్కడున్నాయో చూడండి. ప్రయాణం ఖరీదులో పెద్ద భాగం తరచుగా ఈ చోట్లలోనే ఖర్చయింది.

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్ స్టేషన్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 1844 తర్వాత బ్రిస్టల్ వైపు నుంచి ఇంజనీరు ఇసంబార్డ్ బ్రూనెల్ ఎంచుకున్న, రెండు పట్టాల మధ్య దూరం (గేజి) సుమారు 2,140 మిల్లీమీటర్లుండే వెడల్పు పట్టాలూ, బర్మింగ్‌హామ్ వైపు నుంచి 1,435 మిల్లీమీటర్ల పట్టాలూ అక్కడ ఎదురుపడ్డాయి. ఏ వ్యాగనూ అవతలి పట్టాల మీదికి వెళ్లలేదు. ప్రతి పెట్టె, ప్రతి మూట, ప్రతి పశువు ఒక వ్యాగన్ దిగి ఇంకో వ్యాగన్ ఎక్కాలి. దించడంలో పగిలేవి, పోయేవి, తారుమారయ్యేవి ఉండేవి. 1845లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1846 చట్టం కొత్త ప్రయాణికుల లైన్లకు 1,435 మిల్లీమీటర్ల గేజిని ప్రమాణంగా నిర్ణయించింది. బ్రూనెల్ పట్టాల మీద బండ్లు వేగంగా, కుదుపు లేకుండా నడిచేవని విచారణ సంఘమే ఒప్పుకుంది. అయినా ఓడిపోయాయి. ఎందుకంటే అప్పటికే తక్కువ వెడల్పు పట్టాలు చాలా ఎక్కువ పొడవున పరచుకుని ఉన్నాయి. వెడల్పు పట్టాల చివరి భాగం 1892 మేలో మారిపోయింది.

దీని పక్కనే కంటెయినర్ కథను పెట్టి చదివితే రెండూ ఒకే కథ అని తెలుస్తుంది. 1956 ఏప్రిల్ 26న ట్రక్కు వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ నడిపిన ఐడియల్ ఎక్స్ అనే ఓడ న్యూజెర్సీలోని న్యూఅర్క్ రేవు నుంచి టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు 58 పెట్టెలతో బయలుదేరింది. అది కొత్త ఓడ కాదు, యుద్ధకాలపు చమురు ఓడను మార్చినది. దాని వేగంలో విశేషమేమీ లేదు. విశేషమంతా రేవులో ఉంది. అంతకు ముందు బస్తాలు, పీపాలు, బేళ్లు, చెక్క పెట్టెలు ఒక్కొక్కటిగా వలల్లో, కొక్కేలతో ఓడ అడుగుకు దించి, అలల కుదుపుకు కదలకుండా సర్దాలి. ఓడ ఆ పని పూర్తయ్యే దాకా రేవులోనే రోజుల తరబడి కట్టి ఉండేది. చిల్లర సరుకు ఎక్కించడానికి టన్నుకు 6 డాలర్లకు దగ్గరగా అయ్యే ఖర్చు ఐడియల్ ఎక్స్ మీద 16 సెంట్లకు తగ్గిందని మెక్‌లీన్ మనుషులు లెక్కగట్టారు. ఈ సంఖ్య లాభం ఆశించిన సంస్థ సొంత లెక్క అన్న సంగతిని రాసేటప్పుడు దాచకూడదు. కాస్త తగ్గించి చూసినా తేడా అపారమే.

అక్కడితో ఆగక, వాహనం మారే చోటు మాయమైతే అక్కడి మనుషులు ఏమయ్యారో కూడా వెతకండి. లండన్ పాత రేవులు 1967 నుంచి ఒక్కొక్కటిగా మూతపడి, 1981లో రాయల్ డాక్స్‌తో ఆ వరుస ముగిసింది. లోతైన నీరు, విశాలమైన ఖాళీ స్థలం ఉన్న ఫెలిక్స్‌టో వంటి చోట్లకు పని వెళ్లిపోయింది. తరతరాలుగా రేవు పనితో బతికిన కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. ఓడల చరిత్రగా రాస్తే ఈ భాగం అనుబంధంలోకి పోతుంది. మార్గం చరిత్రగా రాస్తే మధ్యలోకి వస్తుంది. ఉండవలసింది మధ్యలోనే.

ఆధారాలను చదవడం

టైంటేబుల్ తేలికగా దొరికే ఆధారం. ఇంగ్లండ్‌లో జార్జ్ బ్రాడ్‌షా 1839 నుంచి రైల్వే సమయాల సంకలనాలు ప్రచురించాడు. అయితే టైంటేబుల్ సంస్థ ఇచ్చిన మాట మాత్రమే. బండి నిజంగా ఎప్పుడు చేరిందో అందులో ఉండదు. దాని పక్కన స్థానిక పత్రికల వార్తలు, ఓడల రాకపోకల ప్రకటనలు, ప్రయాణికుల ఉత్తరాలు పెట్టుకోవాలి.

టైంటేబుల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. రైళ్లు రాక ముందు ప్రతి ఊరూ తన సూర్యుణ్ని బట్టి గడియారం దిద్దుకునేది. భూమి ఒక డిగ్రీ రేఖాంశం తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. బ్రిస్టల్ గ్రీనిచ్‌కు పడమరగా రెండున్నర డిగ్రీలకు పైగా ఉంది కనుక అక్కడి మధ్యాహ్నం లండన్ కంటె 10 నిమిషాలు ఆలస్యం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840 చివర్లో తన స్టేషన్లన్నిటిలో లండన్ సమయాన్నే అమలుచేసింది. అమెరికా రైల్వేలు 1883 నవంబరు 18న కాల మండలాలకు మారాయి. అంతకు ముందరి టైంటేబుల్‌లో తూర్పు పడమరల ప్రయాణానికి బయలుదేరిన సమయాన్నీ చేరిన సమయాన్నీ నేరుగా తీసివేస్తే వచ్చే జవాబు తప్పు. ముందుగా రెండు ఊళ్ల రేఖాంశాల తేడాను 4 నిమిషాలతో గుణించి సరిచేసుకోవాలి.

ఓడల లాగ్‌బుక్కు, అంటే ప్రయాణ వివరాలు రోజూ రాసే పుస్తకం, చదివేటప్పుడు రోజు ఎప్పుడు మొదలయిందో చూడండి. పాతకాలపు నావికుల రోజు మధ్యాహ్నం 12కు మొదలయ్యేది, అదీ మన రోజుకంటె పన్నెండు గంటల ముందు. ఆ లెక్కన లాగ్‌బుక్కులో 10వ తేదీ సాయంత్రం అని ఉంటే ఒడ్డున అది 9వ తేదీ సాయంత్రం. బ్రిటిష్ నౌకాదళం 1805లో ఈ పద్ధతి మానింది. వాణిజ్య నౌకల్లో కొన్ని ఆ తర్వాత కూడా కొనసాగించాయి.

అయినా ఏ ఒక్క ఆధారాన్నో ఎంచుకోమంటే నేను ప్రమాదాల విచారణ నివేదికలనే ఎంచుకుంటాను. మామూలు రోజున ఎవరూ రాసిపెట్టని విషయాలు, బండికి ఎన్ని పెట్టెలు తగిలించారు, బ్రేకు ఎవరి చేతిలో ఉంది, ఇంజను డ్రైవరు ఆ దారిలో అంతకు ముందు నడిపాడా అన్నవి, ప్రమాదం జరిగాకనే సాక్షుల నోటి నుంచి కాగితం మీదికి వచ్చాయి. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, పిల్లలను విహారానికి తీసుకెళుతున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. రైలును రెండు ముక్కలు చేసి ముందు భాగాన్ని తీసుకుపోదామని సిబ్బంది నిర్ణయించారు. ఆ బ్రేకుల పద్ధతిలో గొట్టం విడదీయగానే వెనక పెట్టెలకు బ్రేకు పట్టు పోతుంది. కేవలం గార్డు చేతి బ్రేకు మీద నిలవలేక పెట్టెలు వాలులో వెనక్కి జారి, వెనక వస్తున్న మరో రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లన్నిటికీ, తెగిపోతే వాటంతటవే పట్టుకునే బ్రేకులను తప్పనిసరి చేసింది. అలాంటి బ్రేకు అప్పటికే తయారై ఉంది. పరికరం పుట్టిన సంవత్సరానికీ అది అందరికీ చేరిన సంవత్సరానికీ మధ్య దూరాన్ని ఇటువంటి నివేదికలే చూపుతాయి.

విమానాల విషయంలో కూలిపోయిన కామెట్ అనే బ్రిటిష్ ప్రయాణికుల జెట్ల మీద 1954లో జరిగిన విచారణ అంతే విలువైనది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్ శరీరాన్ని పెద్ద నీటి తొట్టిలో ఉంచి, ప్రతి ప్రయాణంలో పడే ఒత్తిడిని మళ్లీ మళ్లీ కలిగించారు. అంతకు ముందు అది ఎగిరిన ప్రయాణాలతో కలిపి సుమారు 3,000 ప్రయాణాల దగ్గర లోహం అలసి చీలింది. ప్రయాణికుల చదరపు కిటికీల వల్లనే విమానాలు కూలాయని ఇప్పటికీ విరివిగా రాస్తున్నారు. సముద్రం అడుగు నుంచి తీసిన శకలాలలో చీలిక మొదలైనది పైకప్పులో యాంటెనా కోసం కోసిన రంధ్రం దగ్గర. నివేదికను స్వయంగా చదివినవారికి ఈ తేడా తెలుస్తుంది.

కొలతలు, డబ్బు

మైలు అని కనిపించగానే భూమి మీది మైలా, 1.609 కిలోమీటర్లా, సముద్రపు మైలా, 1.852 కిలోమీటర్లా అని తేల్చుకోండి. టన్ను ఇంకా మోసం చేస్తుంది. పాత ఓడల జాబితాల్లో రిజిస్టరు టన్ను అంటే బరువు కాదు, 100 ఘనపుటడుగుల చోటు, సుమారు 2.83 ఘనమీటర్లు. 2,000 రిజిస్టరు టన్నుల ఓడ 2,000 టన్నుల సరుకు మోసిందని రాస్తే లెక్క తప్పినట్టే. బరువు టన్నులలో కూడా బ్రిటిష్ టన్ను 1,016 కిలోలు, అమెరికా టన్ను 907 కిలోలు.

పాత ఛార్జీలను నేటి డబ్బులోకి మార్చే ప్రయత్నం చేయకండి. ఆ సంవత్సరపు కూలితో పోల్చండి. 1914 జనవరి 1న ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ట్యాంపాకు, అఖాతం మీదుగా, విమానంలో క్రమబద్ధమైన ప్రయాణికుల సేవ మొదలైంది. ఒక్క ప్రయాణికుడు, 23 నిమిషాలు, టికెట్టు 5 డాలర్లు. అదే నెలలో హెన్రీ ఫోర్డ్ తన కార్మికులకు రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించినప్పుడు, అది మామూలు కూలికి ఇంచుమించు రెట్టింపు కనుక దేశమంతా చెప్పుకుంది. 23 నిమిషాల ప్రయాణానికి ఆ కాలంలోకెల్లా మంచి కూలి ఒక రోజుది పూర్తిగా పోయేది. ఆ విమాన సేవ నాలుగు నెలలే నడిచిందంటే కారణం వెతుక్కోనక్కరలేదు. చలికాలపు విహారయాత్రికులు వెళ్లిపోగానే 5 డాలర్లు ఇచ్చేవారు మిగల్లేదు.

"మొట్టమొదటి" అన్న మాటకు కళ్లెం

ఏది మొట్టమొదటిది అన్న తగవులో కాలం వృథా చేయకండి, కానీ ఆ మాట వాడినప్పుడు దాని షరతులన్నీ రాయండి. 1825 సెప్టెంబరు 27న తెరిచిన స్టాక్‌టన్, డార్లింగ్టన్ రైల్వే ఆవిరి ఇంజనుతో సరుకు నడిపిన ప్రజా రైల్వే. కానీ అక్కడ ప్రయాణికుల పెట్టెలను ఎన్నో ఏళ్లు గుర్రాలే లాగాయి. 1830 సెప్టెంబరు 15న తెరిచిన లివర్‌పూల్, మాంచెస్టర్ రైల్వే రెండు నగరాల మధ్య ఇంజన్లతో, సమయ పట్టికతో ప్రయాణికులను నడిపింది. రెండూ మొదటివే, వేర్వేరు షరతులతో. 1838 ఏప్రిల్‌లో సిరియస్ అనే ఆవిరి ఓడ, గ్రేట్ వెస్టర్న్ అనే మరో ఆవిరి ఓడ కంటె ఒక రోజు ముందు అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది. అయితే సిరియస్‌కు 18 రోజులు పట్టగా, నాలుగు రోజులు ఆలస్యంగా బయలుదేరిన గ్రేట్ వెస్టర్న్‌కు 15 రోజులే పట్టింది, పైగా దాని గదుల్లో బొగ్గు మిగిలే ఉంది. ముందు చేరింది ఒకటి, ఈ మార్గం వ్యాపారంగా నిలుస్తుందని నిరూపించింది ఇంకొకటి.

రైలు పట్టాల వెడల్పు రోమన్ రథాల నుంచి వచ్చిందన్న కథ కూడా ఇదే జాగ్రత్త కోరుతుంది. రైల్వే ఇంజనీరు జార్జ్ స్టీఫెన్సన్ పనిచేసిన ఈశాన్య ఇంగ్లండ్ బొగ్గు గనుల బండి దారుల కొలతే అది. అక్కడితో ఆధారాలు ఆగుతాయి, మీరు కూడా అక్కడే ఆగాలి.

పాతది ఎప్పుడు ఆగింది

ప్రతి మార్గానికీ కొత్త వాహనం వచ్చిన తేదీతో పాటు పాత వాహనం ఆఖరుగా నడిచిన తేదీ కూడా రాయండి. రెంటి మధ్య కాలం తరచుగా యాభై ఏళ్లు దాటుతుంది. సూయజ్ కాలువ 1869 నవంబరు 17న తెరుచుకుంది. ఐదు రోజులకు స్కాట్లండ్‌లో కట్టీ సార్క్ అనే టీ క్లిప్పర్ నీటిలోకి దిగింది. ఎర్ర సముద్రంలో గాలులు అనుకూలించక, కాలువలో లాగించుకోవడానికి ఖర్చు పెట్టలేక, తెరచాప ఓడలు ఆఫ్రికా చుట్టూనే తిరగవలసి వచ్చింది. కొన్నేళ్లకే చైనా టీ ఆవిరి ఓడల పాలయింది. కానీ కట్టీ సార్క్ మూలన పడలేదు. 1880లలో ఆస్ట్రేలియా ఉన్ని మోస్తూ తన అత్యుత్తమ ప్రయాణాలు చేసింది. ఆ దూరంలో బొగ్గు మధ్యమధ్య నింపుకోవడం కష్టం, దక్షిణ సముద్రపు గాలి ఉచితం. ఆవిరి ఓడలు ఆగే రేవులకు కావలసిన బొగ్గును కూడా చాలాకాలం తెరచాప ఓడలే చేరవేశాయి. వ్యాపార సరుకుతో కేప్ హార్న్ చుట్టిన చివరి తెరచాప ఓడ పామీర్, అది 1949లో.

రాతలో పెట్టడం

రాయడానికి కూర్చున్నప్పుడు అధ్యాయాలను రైలు, రోడ్డు, ఓడ, విమానం అని విడదీయకండి. వాహనం మారిన చోట్ల పేర్లనే అధ్యాయాలుగా పెట్టండి: మన ఉదాహరణలో పనామా భూసంధి, మిస్సోరి గట్టు, 1919 నాటి బురద దారి, వైనోకా స్టేషన్. ప్రతి అధ్యాయంలో ఒక ప్రయాణికుడి పూర్తి ప్రయాణాన్ని గుమ్మం నుంచి గుమ్మం దాకా ఒకసారి చెప్పి, ఆ తర్వాతనే సంఖ్యల జోలికి వెళ్లండి. రికార్డు కాలాలను, మామూలు కాలాలను ఒకే వాక్యంలో కలపకండి. సంస్థ ప్రకటనలో ఉన్న వివరాన్ని ప్రకటన అని, విచారణలో ప్రమాణం చేసి చెప్పినదాన్ని సాక్ష్యం అని విడివిడిగా పేర్కొనండి. పట్టికలో ఏదైనా గడి నిండకపోతే పక్క సంవత్సరపు సంఖ్యను అక్కడికి లాగకుండా ఖాళీగానే అచ్చు వేయండి. తర్వాత అదే మార్గం మీద పనిచేసేవారికి ఎక్కడ వెతకాలో ఆ ఖాళీ గడి చూపుతుంది.